దండకారణ్యపు దారిలో బౌద్ధ దినచర్య

విశాఖపట్నంలో ఉదయం రైలెక్కితే అరకు లోయ, కోరాపుట్, జగదల్‌పూర్ దాటి దంతెవాడ చేరేసరికి పగలంతా గడిచిపోతుంది. కొత్తవలస నుంచి కిరందుల్ వరకు సాగే ఈ మార్గాన్ని 1960లలో వేశారు. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడమే దాని ఉద్దేశం. ఎద్దు మూపురాన్ని పోలి ఉన్నందున ఆ కొండలకు ఆ పేరు వచ్చిందని చెబుతారు. 1968లో అక్కడ గని పని మొదలైంది. ఖనిజం కిందికి దిగిన దారినే తెలుగువారు పైకి వెళ్లారు. కిరందుల్, బచేలీ పట్టణాలలో మూడు తరాల తెలుగు కుటుంబాలు నేటికీ కనిపిస్తాయి. వాటిలో బాబాసాహెబ్ అంబేడ్కర్ చూపిన దారిన ధమ్మాన్ని స్వీకరించిన ఇళ్లు కూడా ఉన్నాయి.

అలాంటి ఒక ఇంట మేము రెండు రోజులు అతిథులుగా ఉన్నాము. గనిలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఆ ఇంటి పెద్దాయనది శ్రీకాకుళం ప్రాంతం. మాటల మధ్య ఆయన ఇలా అన్నారు: "దీక్ష తీసుకున్న రోజు బాగానే ఉంటాదండి మాస్టారూ. జనం, జెండాలు, పాటలు. మర్నాడు పొద్దున్న లేచి ఏటి సెయ్యాలో మాత్రం ఎవులూ సెప్పరు." ఆ ప్రశ్నకు అప్పటికప్పుడు మేము చెప్పిన సమాధానం మాకే తృప్తినివ్వలేదు. ఈ వ్యాసం ఆయనకు బాకీపడిన సమాధానం.

అసలు విషయంలోకి వెళ్లే ముందు దంతెవాడ గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఈ పేరు వినగానే మన మిత్రులు కొందరు బుద్ధుని దంతధాతువును భద్రపరచిన దంతపురం ఇదేనని ఉత్సాహపడుతుంటారు. ఆ ఉత్సాహాన్ని మేము పంచుకోలేము. బౌద్ధ సాహిత్యంలోని దంతపురం కళింగ రాజధాని. శ్రీకాకుళం జిల్లాలో దంతవక్త్రుని కోట అని పిలిచే మట్టికోటే ఆ దంతపురమని అనేకులు భావించారు. దంతెవాడకు ఆ పేరు దంతేశ్వరీ దేవి వల్ల వచ్చింది. సతీదేవి దంతం పడిన చోటు కనుక దేవికి ఆ పేరని స్థానిక ఐతిహ్యం. శంఖినీ, డంకినీ నదుల సంగమం దగ్గరనున్న ఆ ఆలయంలో దిక్పాలదేవుడు 1703లో వేయించిన శాసనం బస్తర్ రాజవంశాన్ని ఓరుగల్లు కాకతీయులతో ముడిపెడుతుంది. పేర్లలో పోలిక ఉన్నంత మాత్రాన చరిత్ర కాదు. మనకు లేని ఆస్తికి దస్తావేజు పుట్టిస్తే, ఉన్న ఆస్తిని కూడా జనం శంకిస్తారు.

ఉన్న ఆస్తి తక్కువేమీ కాదు. బస్తర్ ప్రాంతంలోనే భోంగాపాల్ వద్ద ఇటుక చైత్యం శిథిలాలు, ఆసీనుడైన బుద్ధుని విగ్రహం బయటపడ్డాయి. ఉత్తరాన మహానది ఒడ్డున సిర్పూర్‌లో మహాశివగుప్త బాలార్జునుని కాలంలో ఆనందప్రభుడనే భిక్షువు కట్టించిన విహారం ఉంది. ఆ రాజు శైవుడు. ఆయన ఏలుబడిలోనే భిక్షువులకు విహారం వెలిసింది. 639 ప్రాంతంలో దక్షిణ కోసలాన్ని చూసిన చైనా యాత్రికుడు హ్యుయన్ త్సాంగ్ అక్కడినుంచి దక్షిణంగా మహారణ్యం గుండా 900 లీల దూరం నడిచి ఆంధ్రదేశం చేరినట్లు రాసుకున్నాడు. ఆయన ఏ ఏరు ఏ రేవున దాటాడో ఆ గ్రంథంలో లేదు. కానీ దక్షిణ కోసలానికీ వేంగికీ మధ్యనున్న మహారణ్యం ఏదో పటం చూసిన ఎవరికైనా తెలుస్తుంది. ఆ దారిలో తెలుగు కూడా నడిచింది. దంతెవాడకు దగ్గరలోని బార్సూర్‌లో, ఛిందక నాగవంశపు రాజు జగదేకభూషణ ధారావర్షుని కాలంలో, చంద్రాదిత్యుడనే సామంతుడు గుడి కట్టించి చెరువు తవ్వించి శక సంవత్సరం 983లో, అంటే క్రీ.శ. 1060లో, వేయించిన శాసనం తెలుగులో ఉంది. గనుల కోసం వెళ్లినవారు ఆ నేలపై మొదటి తెలుగువారు కారు.

ఇక పెద్దాయన ప్రశ్నకు వద్దాము. మర్నాడు పొద్దున్న లేచి ఏమి చేయాలి? బౌద్ధం అనగానే మనకు చతురార్య సత్యాలు, ప్రతీత్య సముత్పాదం, శూన్యవాదం గుర్తుకు వస్తాయి. కానీ త్రిపిటకాలలో మొదటిదైన వినయ పిటకాన్ని తెరిచి చూడండి. అందులో ఎక్కువ చోటు ఆక్రమించినవి పళ్లు తోముకోవడం, స్నానం, నడక, గంజి, నీళ్లు, దోమలు, రోగి పక్కబట్టలు. పైగా ఈ నియమాలేవీ ఆకాశం నుంచి ఊడిపడలేదు. ప్రతి నియమానికీ ముందు ఒక సంఘటన ఉంటుంది. ఎవరికో జబ్బు చేస్తుంది, ఎవరో పొరపాటు చేస్తారు, ఎవరో ఫిర్యాదు తెస్తారు. అప్పుడు నియమం పుడుతుంది. చరిత్ర విద్యార్థులుగా మాకు వినయ పిటకం మీద ఉన్న గౌరవానికి ప్రధాన కారణం ఇదే.

పందుంపుల్ల కథ చూడండి. భిక్షువులు పళ్లు తోముకోవడం లేదు, నోళ్లు దుర్వాసన కొడుతున్నాయి. పందుంపుల్ల నమలడం వల్ల కళ్లకు మేలని, నోరు శుభ్రపడుతుందని, రుచి తెలుస్తుందని, పిత్తశ్లేష్మాలు అన్నాన్ని కప్పవని, అన్నం సయిస్తుందని ఐదు ప్రయోజనాలు చెప్పి బుద్ధుడు దానిని అనుమతించాడు. వెంటనే ఆకతాయి భిక్షువులు పొడవాటి పుల్లలు తెచ్చుకుని, నమలడంతో పాటు వాటితో సామణేరులను కొట్టసాగారు. అందువల్ల ఎనిమిది అంగుళాలకు, అంటే ఎనిమిది వేళ్ల వెడల్పుకు, మించరాదన్న హద్దు వచ్చింది. తరువాత మరొక భిక్షువు మరీ పొట్టి పుల్ల నమలబోతే అది గొంతులో అడ్డుపడింది. నాలుగు అంగుళాలకు తగ్గరాదన్న రెండో హద్దు అలా వచ్చింది. చుల్లవగ్గంలోని ఈ వృత్తాంతాన్ని తరగతిలో చెప్పినప్పుడల్లా విద్యార్థులు నవ్వుతారు. నవ్వనివ్వాలి. పిల్లలను కొట్టే పెద్దల చేతిలో పుల్ల కురచ చేసిన శాస్త్రం మరెక్కడైనా ఉందేమో వారే వెతికి చెప్పాలి.

దాదాపు వెయ్యేళ్ల తరువాత ఇత్సింగ్ అనే మరొక చైనా భిక్షువు 671లో ఓడ ఎక్కి మన దేశానికి వచ్చి, నలందలో దాదాపు పదేళ్లు చదివి, తిరుగు ప్రయాణంలో శ్రీవిజయ రాజ్యంలో కూర్చుని తాను చూసిన ఆచారాలను గ్రంథస్థం చేశాడు. ఆయన నాటికి పుల్ల పొడవు మారింది. పన్నెండు అంగుళాలు ఉండాలి, ఎనిమిదికి తగ్గరాదు, చిటికెన వేలంత లావు ఉండాలి, ఒక కొన మెత్తగా నమిలి తోముకోవాలి, తరువాత దానినే చీల్చి నాలుక గీసుకోవాలి అని ఆయన రాశాడు. పాలి వినయంలో గరిష్ఠమైన కొలత ఇక్కడ కనిష్ఠమైంది! శాఖను బట్టి, కాలాన్ని బట్టి నియమం కొలత మారింది, ఉదయం లేచి నోరు శుభ్రం చేసుకునే అలవాటు మారలేదు. దంతెవాడ సంతలో నేటికీ దాతున్ కట్టలు అమ్ముతారు. అడవి పుల్లతో పళ్లు తోముకునే ఆదివాసీని వెనుకబడినవాడని అనుకునే ఉద్యోగస్థుడికి, నలంద మహావిహారంలోని పండితులందరూ ఆ పనే చేశారని ఎవరైనా చెప్పాలి.

ఇత్సింగ్ నలంద ఉదయాలను కళ్లకు కట్టినట్లు వర్ణించాడు. అక్కడ పదికి పైగా పెద్ద కొలనులు ఉండేవి. ఉదయం గంట మోగగానే భిక్షువులు స్నానవస్త్రాలతో గుంపులుగా బయలుదేరేవారు. భోజనానికి ముందే స్నానం చేయాలని, తరువాత కూడదని ఆయన స్పష్టంగా చెప్పాడు. మన అమ్మమ్మలు చెప్పిన మాట కూడా అదే కదా.

నడక కథ వైద్యుడితో మొదలైంది. వైశాలిలో ఉపాసకులు భక్తితో వంతులవారీగా విందుభోజనాలు పెట్టసాగారు. తిని కూర్చున్న భిక్షువులకు ఒళ్లు బరువెక్కి జబ్బులు పట్టుకున్నాయి. ఏదో పని మీద ఆ ఊరు వచ్చిన జీవకుడు వారిని చూసి, నడవడానికి చంక్రమాన్ని, చెమట పట్టడానికి జంతాఘరమనే వేడిగదిని అనుమతించవలసిందిగా బుద్ధుని కోరాడు. బుద్ధుడు అంగీకరించాడు. ధ్యాన పద్ధతిగా మనం ఎరిగిన చంక్రమణం నియమంగా ప్రవేశించింది ఒక వైద్యుని సలహా మేరకే. అంగుత్తర నికాయంలో చెప్పిన ఐదు ప్రయోజనాలను చూసినా ఇదే తేలుతుంది: దూరప్రయాణానికి ఓపిక, సాధనకు శక్తి, ఆరోగ్యం, తిన్నది అరగడం, నడకలో కుదిరిన ఏకాగ్రత ఎక్కువసేపు నిలవడం. మొదటి నాలుగూ ఒంటికి, ఐదవది మనసుకు. ఇత్సింగ్ తాను చూసిన చంక్రమ వేదికల కొలతలు కూడా ఇచ్చాడు. రెండు మూరల వెడల్పు, పద్నాలుగు పదిహేను మూరల పొడవు, రెండు మూరల ఎత్తున ఇటుకలతో కట్టిన అరుగు. భిక్షువులు మధ్యాహ్నానికి ముందు ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి దానిపై నడిచేవారు.

ఆహారం విషయానికి వస్తే కోసల రాజు ప్రసేనజిత్తు కథను మించినది లేదు. ఇది ఉత్తర కోసలం, సిర్పూర్ కోసలం కాదు. ఆయన ఒక ద్రోణం బియ్యపు అన్నం తిని, ఆయాసపడుతూ బుద్ధుని దగ్గరకు వచ్చేవాడు. మితంగా తినేవానికి బాధలు తగ్గుతాయని, ముసలితనం మెల్లగా వస్తుందని బుద్ధుడు ఒక గాథ చెప్పాడు. రాజు తెలివైనవాడు, తన మీద తనకు నమ్మకం లేదు. అందువల్ల సుదర్శనుడనే యువకుని చేత ఆ గాథ కంఠస్థం చేయించి, రోజూ నూరు కార్షాపణాలిచ్చి, తాను భోజనం చేస్తున్నప్పుడు చదివించుకున్నాడు. క్రమంగా ద్రోణం నుంచి నాళిక అన్నానికి దిగి, ఒళ్లు తేలికపడ్డాక తన అవయవాలు నిమురుకుంటూ సంతోషపడ్డాడని సంయుత్త నికాయం చెబుతుంది. ఒకసారి వినడం చాలదని, తినే ప్రతిపూటా ఎవరో గుర్తుచేయాలని గ్రహించిన ఆ రాజు అలవాటు ఎలా ఏర్పడుతుందో మన కంటే బాగా ఎరుగును. మేము సుదర్శనుని ఉద్యోగాన్ని మా ఇంట్లో పదేళ్ల మా అమ్మాయికి అప్పగించి చూశాము. ఫలితం బాగానే ఉంది కాని జీతం రోజురోజుకూ పెరుగుతోంది.

ఇక గంజి. యాగువు అని పాలి గ్రంథాలు చెప్పేది మన గంజి, జావలాంటిదే. ఆయువు, వర్ణం, సుఖం, బలం, ప్రతిభ ఇస్తుందని, ఆకలిదప్పులు తీర్చి వాతాన్ని సరిచేసి మూత్రాశయాన్ని శుభ్రపరచి అజీర్ణాన్ని పోగొడుతుందని మహావగ్గం దానికి పది గుణాలు చెప్పింది. దంతెవాడ పల్లెలలో పొలం పనికి వెళ్లేవారు సొరకాయ బుర్రలో పేజ్ పోసుకుని వెళ్తారు. రాగులతో చేస్తే మండియా పేజ్, మన అంబలికి తోబుట్టువు. మాకు ఆతిథ్యమిచ్చిన ఇంట ఉదయపు ఫలహారం అదే. తెలుగువారింట బస్తర్ పేజ్ చేరడానికి యాభై ఏళ్ల ఇరుగుపొరుగు కారణం, సూత్రగ్రంథాలు కావు. అయినా వైశాలీ మగధల గిన్నె, గోండు పల్లె గిన్నె ఒకటేనని తెలిసినప్పుడు మాకు కలిగిన ఆనందం చెప్పకుండా ఉండలేము.

నీటి విషయంలో అంత ఆనందానికి అవకాశం లేదు. భిక్షువుకు అనుమతించిన ఎనిమిది పరిష్కారాలలో నీళ్లు వడగట్టే గుడ్డ ఒకటి. ప్రాణులు చావకూడదన్న కరుణ, తాగేవాడికి జబ్బు రాకూడదన్న జాగ్రత్త ఆ ఒక్క గుడ్డలోనే ఉన్నాయి. ఇత్సింగ్ తాగడానికి ఒక పాత్ర, కాలకృత్యాలకు వేరొక పాత్ర ఉండాలని, రెండూ కలపరాదని వివరంగా రాశాడు. శంఖినీ నది ఖనిజపు మట్టి కలిసి ఎర్రబడి పారిందన్న సంగతి ఆ ప్రాంతం వారందరూ ఎరుగుదురు. ఆ ఎరుపును ఏ గుడ్డ వడగడుతుంది? వ్యక్తి అలవాట్ల గురించి చెప్పేటప్పుడు ఆ అలవాటు సాగడానికి కావలసిన ఏరు శుభ్రంగా ఉందా అన్న ప్రశ్నను దాటవేయడం మాకు చేతకాదు. వ్యక్తి ఆరోగ్యాన్ని పాలన బాధ్యతతో ముడిపెట్టడం మన సంప్రదాయంలోనే ఉంది. మనుషులకూ పశువులకూ చికిత్స, మూలికలు నాటించడం, బావులు తవ్వించడం గురించి అశోకుడు రెండవ శిలాశాసనంలో చెప్పాడు. ఆ శాసనాలు మన ఎర్రగుడిలో నేటికీ చూడవచ్చు. అదే అశోకుడు పదమూడవ శాసనంలో అడవి ప్రజలకు తన పశ్చాత్తాపంతో పాటు తన శక్తిని కూడా గుర్తుచేసి హెచ్చరించాడన్నదీ నిజమే. మేము అశోకుని గౌరవిస్తాము. ఆ వాక్యాన్ని దంతెవాడలో చదివినప్పుడు మాత్రం కొంతసేపు ఆగిపోతాము.

బస్తర్‌కు తరతరాల శత్రువు మలేరియా. భిక్షువులు దోమల బాధ పడలేకపోతే బుద్ధుడు దోమతెర లాంటి మకసకుటికను అనుమతించాడన్న వాక్యం చుల్లవగ్గంలో ఉంది. ఒకే ఒక చిన్న వాక్యం, కానీ దంతెవాడలో అది ప్రాణాలు కాపాడే వాక్యం. నాగార్జునకొండ శాసనాలలో ఒకదానిలో విగతజ్వరాలయం అన్న మాట ఉంది. జ్వరపీడితుల కోసం ఏర్పరచిన చోటుగా దానిని కొందరు పండితులు అర్థం చేసుకున్నారు. కృష్ణ ఒడ్డున ఇక్ష్వాకుల నాడు కూడా జ్వరం ప్రత్యేక గది కట్టవలసినంత పెద్ద సమస్యేనన్నమాట.

రోగి సేవ గురించి మహావగ్గంలోని వృత్తాంతం మన ఉపాసకులలో చాలామందికి తెలిసినదే. ఇతరులకు ఏమీ చేయలేదన్న కారణంతో ఎవరూ పట్టించుకోక, తన మలమూత్రాలలోనే పడి ఉన్న భిక్షువును బుద్ధుడు, ఆనందుడు కలిసి కడిగి మంచం మీదికి చేర్చారు. ఆ కథ తరువాత వచ్చే భాగాన్ని మాత్రం ఎక్కువమంది చదవరు. ఎలాంటి రోగికి సేవ చేయడం కష్టమో అక్కడ చెప్పారు: పథ్యం పాటించనివాడు, మితం తెలియనివాడు, మందు సేవించనివాడు, జబ్బు సంగతి ఉన్నదున్నట్లు చెప్పనివాడు, నొప్పి ఓర్చుకోలేనివాడు. 2020లో మొదలైన మలేరియా ముక్త బస్తర్ కార్యక్రమంలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి జ్వరం లేనివారికి కూడా రక్తపరీక్ష చేశారు. లక్షణాలేవీ కనిపించనివారిలో సైతం పరాన్నజీవి బయటపడింది. వైవాక్స్ రకానికి ప్రైమాక్విన్ మాత్రలు పద్నాలుగు రోజులు వాడాలి. మూడో రోజు ఒళ్లు బాగుందని ఆపేసేవారే ఎక్కువ. మాత్రల పొట్లం చివరివరకు ముగించడం కూడా శీలాచరణలో భాగమని మేము కిరందుల్ సభలో చెప్పినప్పుడు ఒకరిద్దరు ఆశ్చర్యపోయారు. మహావగ్గం చదివితే ఆశ్చర్యపడనక్కరలేదు.

ఇంతవరకు చెప్పినది ఎక్కువగా భిక్షువుల దినచర్య. సంసారుల మాటేమిటి? అందుకు మన తెలుగు నేలకు చెందిన సాక్ష్యమే ఉంది. ఆచార్య నాగార్జునుడు శాతవాహన ప్రభువుకు స్నేహభావంతో రాసిన సుహృల్లేఖను ఈ దేశంలో పిల్లలు సైతం కంఠస్థం చేసేవారని ఇత్సింగ్ రాశాడు. ఆయన దానిని చైనా భాషలోకి అనువదించాడు కూడా. రాజ్యభారం మోసేవానికి రాసిన ఆ లేఖలో ఆహారాన్ని మందులా భావించి తినమని, పగటినీ, రాత్రి మొదటి చివరి జాములనూ సాధనతో గడిపి నడిమి జాములలో స్మృతితో నిద్రించమని సలహా ఉంది. ఆయన రత్నావళిలో వైద్యులకు, క్షురకులకు జీవనం ఏర్పరచమని, చీమల పుట్టల దగ్గర నమ్మకస్తుల చేత గింజలు, నీళ్లు పెట్టించమని కూడా రాజుకు చెప్పాడు. శూన్యతా దర్శనాన్ని ప్రతిపాదించిన మహా తాత్త్వికుడు మంగలికి జీతం ముట్టిందా లేదా అని అడిగాడు. మన సభలలో ఆయన శూన్యవాదం మీద ఉపన్యాసాలు జరుగుతాయి, ఈ మాట మాత్రం వినబడదు.

మనసుకు సంబంధించిన అలవాట్లలో బుద్ధుడు రాహులునికి చెప్పినది అన్నింటికంటే సులభం. అద్దం దేనికని అడిగి, చూసుకోవడానికని రాహులుడు చెప్పగా, చేసే ముందు, చేస్తున్నప్పుడు, చేసిన తరువాత కాయవాఙ్మనస్సుల పనులను అలాగే చూసుకోమన్నాడు. ఆ పని తనకో, ఎదుటివారికో బాధ తెస్తుందా అన్నదే ప్రశ్న. అశోకుడు భిక్షువులూ ఉపాసకులూ తరచుగా వినాలని పేర్కొన్న ధమ్మ పాఠాలలో రాహులునికి అబద్ధం గురించి చేసిన ఈ బోధ కూడా ఉంది. దీనికి గది అక్కరలేదు, ఆసనం అక్కరలేదు, రుసుము అక్కరలేదు. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో జాన్ కబాట్ జిన్ ఒత్తిడి తగ్గించే శిక్షణగా మొదలుపెట్టిన స్మృతి సాధన నేడు కంపెనీ ఆఫీసుల వరకు వచ్చింది. రోగులకు అది మేలు చేసిందంటే సంతోషమే. కాని ఎదుటివారి బాధ అన్న సగాన్ని తీసేసి, నా ప్రశాంతత అన్న సగాన్ని మాత్రమే అమ్మేటప్పుడు రాహులుని అద్దం సగానికి పగిలినట్లు మాకు తోస్తుంది.

మద్యం గురించి రాయకుండా వదిలేస్తే తప్పించుకున్నట్లవుతుంది. పంచశీలలో ఐదవది, 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞలలో ఒకటి మద్యపాన విరమణ. సిగాలకునికి చేసిన బోధలో ధనం నశించే మార్గాలలో మొదటిది కూడా తాగుడే. ధనహాని, కలహాలు, రోగాలు, అపకీర్తి అంటూ దాని ఫలితాలు లెక్కపెట్టినప్పుడు బుద్ధుడు పాపభయం కంటే ఇంటి లెక్కలనే ముందుంచాడు. గని కాలనీలలో జీతం రోజు సాయంత్రాన్ని చూసినవారికి ఆ లెక్క తెలుసు. అయితే దంతెవాడ ఆదివాసీకి ఇప్పచెట్టు తల్లి, ఇప్పసారా దేవరకూ పితరులకూ పంచే పానీయం. 1910 భూమ్‌కాల్ తిరుగుబాటుకు కారణాలలో అడవుల స్వాధీనం, వెట్టితో పాటు సారా మీద పెట్టిన గుత్తాధికారం కూడా ఒకటి. మనం తాగకపోవడం మన దీక్ష. తాగేవాని కంటే అధికులమనుకోవడం ఆ దీక్షలో లేదు. బయటినుంచి వచ్చి ఆదివాసీ అలవాట్లను సరిదిద్దబోయిన వారి జాబితా ఇప్పటికే చాలా పొడవు, అందులో మన పేరు చేరకూడదు.

తిరిగి వచ్చే రోజు తెల్లవారుజామున మాకు మెలకువ వచ్చేసరికి దోమతెర అవతల అడుగుల చప్పుడు వినిపించింది. పెద్దాయన వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్లీ వెనక్కు నడుస్తున్నారు. చక్కెర జబ్బుకు డాక్టరు నడవమన్నారట, బయట కుక్కల భయమట. పదేళ్లుగా అలాగే నడుస్తున్నారు. దానిని చంక్రమణం అంటారని మేము చెబితే, "అలాగా మాస్టారూ, నాను నడకే అనుకున్నాను" అని మళ్లీ నడక మొదలుపెట్టారు. ఆయన లోపలికి వెళ్లాక వరండా కొలిచి చూశాము. పన్నెండు మూరలు వచ్చింది. ఇత్సింగ్ చెప్పినదానికి రెండు మూరలు తక్కువ.